టు-లెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీ’

పాతబస్తీ గల్లీల్లో గేటుకు వేలాడే అట్టముక్క మీద మామూలుగా మూడే సంగతులుంటాయి. టు-లెట్ అన్న మాట, ఒక ఫోన్ నంబరు, కింద ‘ఓన్లీ ఫర్ ఫ్యామిలీ’. మొదటి రెండూ సమాచారం. మూడోదాన్ని మాత్రం కథను చదివినట్టు చదవాలి. బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వం అని పైకి అర్థం. ఫోన్ చేస్తే లోపలి అర్థాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. పేరేంటి? ఏం తింటారు? మీవారు ఏం చేస్తారు? ఒంటరిగా బతికే ఆడవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, ఓనరు మతం కానివాళ్ళు, ఓనరు కులం కానివాళ్ళు, అందరూ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు. ఎవరి పేరూ ఎత్తకుండా ఇంతమందిని గేటు బయట నిలబెట్టే మాట అది.

ఈ మాట పాతబస్తీలో పుట్టలేదు, పాతబస్తీలో ఆగనూ లేదు. వీసా చేతికొచ్చాక ప్రతి కుటుంబమూ ముందు అడిగేది ‘అక్కడ ఏ ఏరియా మంచిది?’ అనే. దానికి దొరికే జవాబులు ఏ దేశమైనా ఒకే అచ్చులో ఉంటాయి: స్కూలు రేటింగు, దొంగతనాల లెక్క, పార్కులు, ఇండియన్ గ్రోసరీ ఎంత దూరం, గుడో మసీదో ఎంత దూరం. చివర్న ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అని ఒక ముద్ర. ఆ జాబితాలను వెక్కిరించడం తేలిక, కానీ అన్యాయం. చలికాలంలో, చిన్నపిల్లతో, రెండు సూట్‌కేసులతో తెలియని ఊళ్ళో దిగే తల్లికి అవి కావాలి. నా పేచీ ఒక్కటే. ఆ జాబితాలు ‘ఫ్యామిలీ’ అన్న మాటను అందరికీ అర్థం తెలిసినట్టే వాడేస్తాయి. ఆ అర్థాన్ని మన కథలూ, హైదరాబాదీల మీద వచ్చిన పుస్తకాలూ ఎంతవరకు విప్పి చూపించాయో చూద్దాం.

అద్దె ఇంటి వేట మన దగ్గర ఎక్కువగా హాస్యానికి పనికొచ్చిన వస్తువు. ‘చిత్రం భళారే విచిత్రం’ సినిమా గుర్తుందా? బ్యాచిలర్లకు ఇల్లు దొరకదు కాబట్టి ఒకడికి చీర కట్టి ‘ఫ్యామిలీ’ అయిపోతారు. నవ్వుకున్నాం, బాగానే ఉంది. కానీ ఆ నవ్వు కింద ఒక నమ్మకం ఉంది: పెళ్ళాం ఉంటే చాలు, గేటు తెరుచుకుంటుంది. స్కైబాబ కథ ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ సరిగ్గా ఆ నమ్మకాన్నే తీసేస్తుంది. ఇక్కడ వేషం అక్కర్లేదు. నిజంగానే భార్యాభర్తలు, నిజంగానే అద్దె కట్టగలరు, ఇదే హైదరాబాదులో ఇల్లు వెతుకుతున్నారు. ముస్లిములు. అంతే, కథ మొదలైపోయింది. ఫ్యామిలీ అయినా బోర్డు మీది ఫ్యామిలీ వీళ్ళు కాదు.

ఈ కథ శీర్షిక రచయిత కల్పించింది కాదు, బోర్డుల మీద రోజూ కనిపించేదే. తిండి గురించిన మాటలాగా ఉంటుంది గానీ అడిగేది పేరు. స్కైబాబ కథల ఇంగ్లీషు అనువాద సంకలనానికి కూడా ఇదే పేరు పెట్టడం నాకు సరైనదే అనిపించింది. ఎందుకంటే ఏ దేశంలో చదివినా ఆ బోర్డు అర్థమవుతుంది. విదేశంలో ‘మంచి ఏరియా’ వెతుక్కునేవాళ్ళకు ఈ కథ చెప్పేది ఒకటుంది. మనం ఏరియాను ఎంచుకుంటున్నాం అనుకుంటాం, కానీ ఆ ఎంపిక మన చేతికి రాకముందే ఎవరో మనల్ని వడబోసి ఉంటారు. జల్లెడలోంచి కిందికి దిగినవాళ్ళకు జల్లెడ కనిపించదు.

పాతబస్తీవాళ్ళ విషయంలో విమానం ఎక్కడానికి ముందే ఇంకో వలస జరిగి ఉంటుందని మర్చిపోకూడదు. 1978లో, మళ్ళీ 1990 డిసెంబరులో జరిగిన అల్లర్ల తర్వాత ఎన్నో కుటుంబాలు ఇళ్ళు మారాయి. హిందువులు ఎక్కువున్న చోటికి హిందువులు, ముస్లిములు ఎక్కువున్న చోటికి ముస్లిములు. కొందరు పాతబస్తీలోనే రెండు గల్లీలు అవతలికి, కొందరు దిల్‌సుఖ్‌నగర్ వైపు, కొందరు మూసీ దాటి టోలీచౌకి వైపు. గల్ఫ్ డబ్బు టోలీచౌకిలో అపార్ట్‌మెంట్లయింది. అప్పుడు కూడా అందరూ అన్నమాట ‘పిల్లలున్నోళ్ళం, సేఫ్ ఏరియా చూసుకోవాలె’ అనే. భయం నిజం. కర్ఫ్యూలో పాల కోసం బయటికెళ్ళిన మనిషి తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు ఎవరూ సెక్యులరిజం పాఠం చెప్పనక్కర్లేదు. కానీ ఆ రోజు నుంచి ‘ఫ్యామిలీకి మంచిది’ అంటే ‘మనవాళ్ళు ఎక్కువున్నది’ అని స్థిరపడిపోయింది. షికాగోలోనో డాలస్‌లోనో దిగేవాళ్ళ మనసులో ఉన్న నిఘంటువు ఇది.

పాతబస్తీకే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్. ఆ పేరు ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులకు ఇచ్చిన చోటు. సిపాయిల పటాలం కంటే ఫ్యామిలీకి పనికిరాని ఏరియా ఇంకేం ఉంటుంది? అయినా అదే మొహల్లా అయింది. అక్కడి మగవాళ్ళు దక్కన్ ఆడవాళ్ళను పెళ్ళిచేసుకున్నారు, పిల్లలు హైదరాబాదీ ఉర్దూ మాట్లాడారు, మనవలు 1970ల తర్వాత చమురు డబ్బు కోసం తిరిగి అరబ్బు దేశాలకే కూలికి వెళ్ళారు. జాబితా ప్రకారం చూస్తే బార్కస్‌కి ఏ రేటింగూ వచ్చేది కాదు. ఏరియా కుటుంబాలను తయారుచెయ్యలేదు, కుటుంబాలే ఏరియాను తయారుచేశాయి. దానికి రెండు మూడు తరాలు పట్టింది. మనకు మాత్రం లీజు మీద సంతకం పెట్టేలోపే అన్నీ సిద్ధంగా ఉండాలి.

హైదరాబాదీలు బయటి దేశాల్లో ఎలా స్థిరపడ్డారు అనే ప్రశ్న మీద వచ్చిన పెద్ద పుస్తకం కేరెన్ లెనర్డ్ రాసిన ‘లొకేటింగ్ హోమ్: ఇండియాస్ హైదరాబాదీస్ అబ్రాడ్’ (2007). లెనర్డ్ కాలిఫోర్నియాలో మానవశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసింది. అంతకు చాలా ముందే, 1978లో, హైదరాబాదు కాయస్థుల మీద పుస్తకం రాసింది. కాబట్టి పాతబస్తీ దేవిడీలు, పాత కుటుంబాలు ఆమెకు కొత్త కాదు. ఈ పుస్తకం కోసం ఏడు దేశాలు తిరిగింది: పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, కువైట్, యుఎఇ. ఒకే ఊరివాళ్ళు ఏడు చోట్ల ఏడు రకాలుగా మారడం పక్కపక్కన పెట్టి చూపించడమే ఈ పుస్తకం బలం. హైదరాబాదీతనం రక్తంలోనో బిర్యానీలోనో లేదు, వెళ్ళిన దేశపు చట్టాలు ఎంతవరకు ఉండనిస్తే అంతవరకే ఉంటుంది అని ఆమె ఓపిగ్గా చూపిస్తుంది. వలస గురించి మనం రాసుకునే భావుకత్వానికి ఇది మంచి మందు.

కరాచీనే తీసుకోండి. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత వెళ్ళినవాళ్ళ పేరు మీద అక్కడ హైదరాబాద్ కాలనీ ఉంది. అక్కడి పచ్చళ్ళకు ఊరంతా పేరు. ఇంటిని తీసుకుపోలేనివాళ్ళు ఇంటి పేరును తీసుకుపోయారు. కానీ కాలనీకి పేరు పెట్టుకున్నంత మాత్రాన అది ఆ ఊరి పేరు కాదు కదా. పిల్లల తరానికి హైదరాబాదు అంటే పచ్చడి జాడీ మీది అక్షరాలు.

లెనర్డ్ పుస్తకంలో నాకు తక్కువగా దొరికింది వీధి. సంఘాలు, పాతబడుల పూర్వవిద్యార్థులు, పెళ్ళిసంబంధాలు, భాష, వీటిమీద ఉన్నంత శ్రద్ధ ‘ఇల్లు ఫలానా వీధిలోనే ఎందుకు తీసుకున్నారు, ఆ వీధి ఇంకెవరిని రానివ్వలేదు’ అన్నదానిమీద లేదు. పుస్తకంలో ఎక్కువగా వినిపించే గొంతులు చదువుకున్న కుటుంబాలవి. వాళ్ళు ఇల్లు ఎంచుకోగలిగినవాళ్ళు. తలాబ్‌కట్టా నుంచో, కిషన్‌బాగ్ నుంచో డ్రైవరుగా, మేస్త్రీగా వెళ్ళినవాళ్ళకు ‘ఏ ఏరియా మంచిది’ అన్న ప్రశ్నే లేదు. కంపెనీ బస్సు ఎక్కడ దింపితే అదే ఏరియా.

వాళ్ళ వైపు నుంచి చూస్తే ‘ఫ్యామిలీ’ అన్న మాట అసలు రంగు బయటపడుతుంది. గల్ఫ్‌లో పెళ్ళాం, ముగ్గురు పిల్లలు ఉన్న నలభై ఏళ్ళ మనిషిని ‘బ్యాచిలర్’ అంటారు. వెటకారానికి కాదు, ఆఫీసు కాయితాల్లో, అద్దె ప్రకటనల్లో. కుటుంబాన్ని తెచ్చుకునే జీతం, ఉద్యోగ హోదా లేకపోతే ఆ మనిషి బ్యాచిలరే. 2010లో ఖతర్ చేసిన 15వ నంబరు చట్టం కుటుంబాలుండే నివాస ప్రాంతాల్లో కార్మికుల వసతి పెట్టకూడదంది. 2008లో దుబాయ్ మునిసిపాలిటీ ‘ఒక విల్లా, ఒక కుటుంబం’ అంటూ విల్లాలు పంచుకుని బతికేవాళ్ళ మీద తనిఖీలు నడిపింది. అక్కడి ప్రకటనలో ‘ఫ్యామిలీ ఏరియా’ అని ఉంటే దానర్థం పిల్లలకు ఉయ్యాలలున్నాయని మాత్రమే కాదు. ఇంటికి డబ్బు పంపే ఇంకో కుటుంబపెద్దను అక్కణ్ణుంచి దూరంగా ఉంచారని కూడా.

తెచ్చుకున్నవాళ్ళకు కూడా ఆ మాట శాశ్వతం కాదు. సౌదీ ప్రభుత్వం 2017 జూలై నుంచి తోడున్న ఒక్కో కుటుంబసభ్యుడి మీద నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది, ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1600 రియాళ్ళు. జెద్దాలో, రియాద్‌లో పెరిగిన పిల్లలు సామాన్లు సర్దుకుని హైదరాబాదుకు దిగారు. తండ్రి అక్కడే మిగిలాడు. నిన్నటిదాకా ఫ్యామిలీ, ఇవాళ బ్యాచిలర్. మనిషి అతనే. ఈ ఒక్క వాక్యం మీద మంచి నవల రాయొచ్చు.

అమెరికాకు వద్దాం. అక్కడ ఈ మాట చట్టంలోనే ఉంది. శివారు ఊళ్ళలో చాలా నేల ‘సింగిల్ ఫ్యామిలీ’ జోనింగు కింద ఉంటుంది. ఒక స్థలం, ఒక ఇల్లు, ఒక కుటుంబం. మరి కుటుంబం అంటే ఎవరు? 1960ల్లో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్ ఊరు దానికి నిర్వచనం రాసుకుంది. ఐనెజ్ మూర్ అనే నల్లజాతి అవ్వ అక్కడ తన కొడుకుతో, ఇద్దరు మనవళ్ళతో ఉండేది. మనవళ్ళు ఒకే తండ్రి పిల్లలు కారు, అన్నదమ్ముల పిల్లలు. తల్లి చనిపోతే ఒక పిల్లవాడు అవ్వ దగ్గరికి చేరాడు. ఊరి నిర్వచనం ప్రకారం వాళ్ళు ఒక కుటుంబం కాదు. ఆమెకు అయిదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. 1977లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, అదీ 5-4 తేడాతో. మనవణ్ణి పెంచుకోవడం తప్పు కాదని చెప్పడానికి అంత పెద్ద కోర్టులో ఒక్క ఓటు తేడా! ఉమ్మడి కుటుంబం తప్ప ఇంకోటి తెలియని పాతబస్తీ ఇంటిని ఆ నిర్వచనం ముందు పెట్టి చూడండి.

అమెరికా శివారు పుట్టుకలోనే ఈ గొడవ ఉంది. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసమని వేల ఇళ్ళు కట్టిన ఊరు. మొదటి ఒప్పందాల్లో తెల్లవాళ్ళు కానివాళ్ళు ఆ ఇళ్ళలో ఉండకూడదని షరతు పెట్టారు, పనివాళ్ళుగా తప్ప. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇలాంటివాటిని నిషేధించింది. 1988 సవరణ పిల్లలున్న కుటుంబాల మీద వివక్షను కూడా నిషేధించింది. ఇప్పుడు అక్కడి ఏజెంటును ‘ఈ ఏరియాలో ఎవరుంటారు? ఫ్యామిలీకి మంచిదేనా?’ అని అడిగితే జవాబు చెప్పడానికి జంకుతాడు. బదులుగా స్కూలు రేటింగు చూసుకోమంటాడు. బడికి డబ్బులో పెద్ద భాగం ఆ ఊరి ఇళ్ళ మీది పన్ను నుంచి వస్తుంది. ఇల్లు ఖరీదైతే బడి బాగుంటుంది, బడి బాగుంటే ఇల్లు ఇంకా ఖరీదవుతుంది. పాత షరతు చెప్పకూడని మాటను పదికి తొమ్మిది అనే అంకె చెప్పేస్తుంది. అట్టముక్క పోయి అంకె వచ్చింది.

షికాగోలో హైదరాబాదీలకు మొదటి చిరునామా డెవాన్ అవెన్యూ. ఒకప్పుడు ప్రధానంగా యూదుల వీధి. 1974లో పటేల్ బ్రదర్స్ దుకాణం పెట్టారు, తర్వాత హైదరాబాదీ హోటళ్ళు, చీరల కొట్లు వచ్చాయి. ఒకే వీధిలో ఒక ముక్కకు గాంధీ పేరు, ఇంకో ముక్కకు జిన్నా పేరు, మరో ముక్కకు గోల్డా మెయిర్ పేరు బోర్డుల మీద ఉన్నాయి. అలాంటి బోర్డులు పక్కపక్కన ఉండగలిగిన వీధి కాబట్టే కొత్తవాడికి అక్కడ చోటు దొరికింది. కానీ డెవాన్ ఎవరికీ ఆఖరి మజిలీ కాలేదు. డబ్బు చేతికి రాగానే యూదు కుటుంబాలు స్కోకీ లాంటి శివార్లకు వెళ్ళాయి, వాళ్ళ వెనకే మనవాళ్ళూ వెళ్ళారు. ‘డెవాన్ ఫ్యామిలీ ఏరియా కాదు’ అన్నది దిగినచోటును వదిలేటప్పుడు చెప్పే మాట.

శివారుకు వెళ్ళాక ఏమవుతుందంటే, లాల్‌దర్వాజా కుటుంబం అరోరాలో బాలాజీ గుడి దగ్గర ఇల్లు చూసుకుంటుంది. చార్మినార్ కుటుంబం విల్లా పార్క్‌లో మసీదు, దాని బడి దగ్గర చూసుకుంటుంది. లాల్‌దర్వాజా నుంచి చార్మినార్‌కి నడిచిపోవచ్చు. అరోరా నుంచి విల్లా పార్క్‌కి కారులో అరగంట పైనే. పాతబస్తీలో అందరూ కలిసిమెలిసి ఉన్నారని నేననను, పైన చెప్పిన తేదీలే సాక్ష్యం. కానీ అక్కడ బోనాల ఊరేగింపు ఇద్దరి గడపల ముందునుంచీ పోయేది. ఇష్టమున్నా లేకున్నా ఒకరి పండుగ ఇంకొకరి చెవిన పడేది. శివారులో ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది లేకపోవడాన్నే మనం ‘ప్రశాంతమైన ఏరియా’ అంటున్నాం.

ఇందులో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఇంట్లో పెద్దావిడ. షాలిబండలో పుట్టి, ఆ పక్కనే కాపురం చేసి, అరవై దాటాక కొడుకు దగ్గరికి వెళ్ళొచ్చిన ఒకామె నాతో అన్నమాట: ‘ఇల్లు బంగారం లెక్కుంది బిడ్డా. కానీ పొద్దుగాల కిటికీల కెళ్ళి చూస్తే ఒక్క మనిషి కనవడడు. కారు నేర్వనోళ్ళకు ఆడ కాళ్ళు లేనట్టే.’ ఏ జాబితాలోనూ ఈ కొలత లేదు. మొహల్లా ఆమెకు చాలా ఊరికే ఇచ్చింది: అరుగు, ఉద్దెర ఇచ్చే కిరాణం, పక్కింటి డాబా మీద ఆడే పిల్లల్ని ఓ కంట కనిపెట్టే నలుగురు ఆడవాళ్ళు. శివారులో అవన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక్కోటి ఒక్కో చోట, ఒక్కో టైముకు, ఒక్కో ఫీజుకు. డేకేర్, సీనియర్ సెంటర్, ప్లే డేట్. వాటి మధ్య దూరం నడపడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి సాధారణంగా కోడలు.

మన డయాస్పోరా కథల మీద నా అసంతృప్తి కూడా ఇక్కడే. అమెరికా తెలుగు కథలో ఇల్లు బాగా ఉంటుంది. బేస్‌మెంటు, డెక్, గరాజు, మంచు తవ్వడం, పూజగది. వీధి మాత్రం ఉండదు. పక్కింటి మనిషి ఉంటే ఒంటరి ముసలి తెల్లావిడ అయ్యుంటుంది, కథ చివర మనకేదో నేర్పడానికి వస్తుంది. ఆ వీధిలో ఎవరు లేరు, ఎందుకు లేరు అని కథకుడు అడగడు. ఇండియాలో బోర్డు బయట నిలబడ్డవాళ్ళు కథలు రాశారు కాబట్టి మనకు ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ దొరికింది. అక్కడ బోర్డు లోపలికి వెళ్ళగలిగినవాళ్ళే ఎక్కువగా రాస్తున్నారు, అందుకే బోర్డు కథలోకి రావడం లేదు. ప్రతిభ తక్కువై కాదు, నిలబడ్డ చోటు అలాంటిది. కానీ చోటు మారి చూడటమే కదా కథకుడి పని.

మరి వెళ్ళేవాళ్ళు ఏం చెయ్యాలి? మంచి బడి వద్దనుకోవాలా? ఎవరూ తమ పిల్లల్ని సిద్ధాంతానికి బలివ్వరు, ఇవ్వనక్కర్లేదు. ఉన్న జాబితాకి ఇంకో నాలుగు ప్రశ్నలు కలపొచ్చు. కారు నడపని మనిషి ఈ ఇంటినుంచి ఎక్కడిదాకా పోగలదు? మన పిల్ల ఎవరినీ అడక్కుండా తలుపు తట్టగలిగిన ఇల్లు ఒక్కటైనా ఉందా? మన బడిలో, మన దుకాణంలో పనిచేసేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఇల్లు తీసుకోగలరా, లేక రోజూ బస్సులో వచ్చిపోతారా? రేపు మన ఉద్యోగం పోతే, విడాకులైతే, కొడుకు తను ప్రేమించిన అబ్బాయిని ఇంటికి తీసుకొస్తే, ఈ ఏరియా మనల్ని ఇంకా ఫ్యామిలీ అంటుందా?

ఆఖరి ప్రశ్న పాతబస్తీ గేటుకు వేలాడే అట్టముక్కను కూడా అడగాల్సిందే. పరాయి దేశపు ఊరిని ‘మమ్మల్ని ఎందుకు రానివ్వవు’ అని నిలదీసే ముందు, మన గల్లీలో మనం అద్దెకిచ్చే ఇంటి ముందు ఎవరు నిలబడి ఉన్నారో చూడాలి. స్కైబాబ కథలోని జంట ఇంకా ఇల్లు వెతుకుతూనే ఉంది. వాళ్ళు ఎక్కాల్సింది విమానం కాదు, మన మెట్లే.